చౌక చాపకు చేసిన చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో నన్ను కూడ నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నా నోట ఏ భారతకథయో, ఏ వసుచరిత్రములోని శ్లేషయో వినవచ్చునని వారు తలచియుందురు. పగలెల్ల గ్రామలెక్కలతో ప్రొద్దుపుచ్చి, రాత్రివేళ కావ్యములు ముందిడుకొని కూర్చుండువాడనని మీరెరుగుదురు. నాకు గురువనువాడు లేడు. ఈ గ్రంథాలయపు బీరువాయే గురువు. అయినను నేడు కావ్యప్రసంగము చేయబోవుటలేదు. పిల్లలు కాళ్ళతో త్రొక్కి ఆడుకొను ఒక ప్లాస్టిక్ చాపనుగూర్చి మాటాడెదను. నవ్వదలచినవారు ముందుగానే నవ్వుడు. పిమ్మట నా మాట వినుడు.

1998లో జపాను దేశమున కొనామి అను సంస్థ 'డాన్స్ డాన్స్ రివల్యూషన్' అను ఆటయంత్రమును వెలువరించెను. తెరపై పాట సాగుచుండగా బాణపు గుర్తులు క్రిందినుండి పైకి ప్రాకుచుండును. ఆ గుర్తు నిర్ణీతస్థానమును చేరిన క్షణముననే ఆడువారు తమ పాదముల క్రిందనున్న అట్టి గుర్తునే త్రొక్కవలెను. ముందు, వెనుక, కుడి, ఎడమ — గుర్తులు నాలుగే. తాళము తప్పినచో తెర తప్పని చూపును, తప్పనిచో మెచ్చుకొనును. మరుసటి సంవత్సరమే ఆ ఆట ఇండ్లకు వచ్చెను. అంగడిలోని యంత్రమునకు లోహపు వేదిక యుండగా, ఇంటివారికొరకు మడిచి పెట్టుకొనదగిన మెత్తని చాప తయారయ్యెను. దీనిని పిల్లలు డాన్సు ప్యాడు అందురు. 2006లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమువారు ఈ ఆటను తమ ప్రభుత్వ పాఠశాలలలో వ్యాయామముకొరకు ప్రవేశపెట్టుదుమని ప్రకటించిరి. కావున ఇది ఉత్త అల్లరియని త్రోసివేయదగినది కాదు.

అట్టి చాప నొకదానిని మా పెద్దమ్మాయి తన కూతురికొరకు విజయవాడలో కొని తెచ్చెను. వెల 1,150 రూపాయలు. మా యింటి పాత కంప్యూటరులో స్టెప్‌మేనియా అను ఉచితపు ఆటను నింపి, దానికి ఈ చాపను తగిలించిరి. వేసవి సెలవులు. ఎండకు పిల్ల గడప దాటు వీలులేదు. పాటయు, అడుగులును, పిల్ల నవ్వులును కలిసి మా వసారా రెండు దినములు తిరునాళ్ళవలె నుండెను.

మూడవనాడు పిల్ల నవ్వు తగ్గెను. ఎంత జాగ్రత్తగా త్రొక్కినను తెర తప్పనియే చూపుచుండెను. నేను పడకకుర్చీలో కూర్చుండి చూచుచు, "తల్లీ, నీకు తాళజ్ఞానము కుదరలేదు. చెవి పెట్టి విను, తరువాత కాలు వేయి" అంటిని. అప్పుడు ఆ పిల్ల మరింత బలముగా ఎగిరి త్రొక్కెను. నున్నని గచ్చుమీద చాప జరిగెను. పిల్ల వెల్లకిల పడి ఎడమచేయి క్రింద మోపెను. మణికట్టు ఎముక చిట్లెను. మూడు వారములు కట్టుతో నుండవలసి వచ్చెను.

వాళ్ళ అమ్మ ఆ చాపను కాలువలో పారవేయుమనెను. మా యింటామె, "ఏమండీ, ముందు దానిని అటకమీదికి విసరండి, మళ్ళీ నా కంట పడనీయకండి" అనెను. పిల్ల మాత్రము కట్టుచేయి ఒడిలో పెట్టుకొని నన్నొక మాట అడిగెను: "తాతయ్యా, తప్పు చాపదా, నాదా?"

అయ్యలారా! ముప్పది సంవత్సరములుగా లెక్కలు వ్రాయుచున్నాను. ఏ ఖర్చు ఎవరి పద్దున వ్రాయవలెనో విచారింపక కలము ముట్టినవాడను కాను. కాని ఆ పిల్ల తప్పును మాత్రము విచారణ లేకయే పిల్ల పద్దున వ్రాసివేసితిని. కొలత సరిచూడక రైతుదే తరుగనుట ఎట్టిదో, చాపను సరిచూడక పిల్లదే తాళము తప్పనుటయు నట్టిదే. ఆ రాత్రి నాకు కావ్యము చదువుటకు మనసు రాలేదు.

మరునాడు చాపను పరీక్షకు పెట్టితిమి. ఏ గుర్తు నొక్కినప్పుడు యంత్రమునకు వార్త చేరుచున్నదో చూపు వసతి స్టెప్‌మేనియాలోనే కలదు. చేతితో ఒక్కొక్క గుర్తును నొక్కితిని. ముందు పలికెను. వెనుక పలికెను. కుడి పలికెను. ఎడమ గుర్తు మూడు మారులు నొక్కినచో ఒక్కమారు పలికెను. కొన్ని తావుల నసలు పలుకనే లేదు. పిల్ల సరిగానే త్రొక్కుచుండెను. అబద్ధము చెప్పినది చాప. "తప్పు చాపదే తల్లీ, నాది కూడను" అని పిల్లకు చెప్పితిని. అది వెంటనే, "అయితే బాగుచేద్దామా?" అనెను.

ఎట్లు బాగుచేయవలెను? విద్యుత్తునుగూర్చి నాకు తెలిసినది బిల్లు కట్టుట ఒక్కటియే. మన గ్రంథాలయమునకు వచ్చి పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకము నొకదానిని తీసికొని పోతిని. వాహకము, బంధకము, వలయము అను మూడు మాటలు అందు నేర్చుకొంటిని. అవి మూడును తెలిసినచో ఈ చాప గుట్టు తెలియును.

మన వీధిలోని ఎలక్ట్రీషియను అబ్బాయిని తోడు పిలిచి, కంప్యూటరునుండి తీగను ఊడదీసి, చాప ఒక ప్రక్క కుట్టును బ్లేడుతో విప్పితిమి. లోపల మూడు పొరలున్నవి. పై ప్లాస్టిక్ పొర అడుగువైపునను, క్రింది ప్లాస్టిక్ పొర పైవైపునను నల్లని సిరాతో గీతలు గీయబడియున్నవి. అది ఉత్త సిరా కాదు, విద్యుత్తును నడపు వాహకము. ఈ రెండింటి నడుమ మెత్తని నురుగుపొర యున్నది. ఇది బంధకము. గుర్తులున్న తావులలో దానికి రంధ్రములు కలవు.

మన రైతులకు దీనిని చెప్పుట సులభము. పై పొర కాలువ, క్రింది పొర చేను, నడుమనున్న నురుగు గట్టు. గట్టులోని రంధ్రములు తూములు. కాలు మోపనంతవరకు తూము మూసియుండును. కాలు మోపినచో పై పొర రంధ్రముగుండ దిగి క్రింది పొరను తాకును. తూము తెరచుకొని విద్యుత్తు పారును. చాప మూలనున్న చిన్నపెట్టె ఆ వార్తను కంప్యూటరునకు మోసికొని పోవును. కాలు తీసినచో నురుగు మరల పొంగి తూమును మూయును. ఇట్టి చాపకు కంప్యూటరునుండి వచ్చునది 5 వోల్టుల విద్యుత్తు మాత్రమే కనుక పిల్లలకు ఘాతము తగులునను భయము లేదు. అయినను తడికాళ్ళతో ఎక్కరాదు. చెమ్మ లోనికి దిగినచో పొరలు చెడును.

తెలిసిన పిమ్మట దోషములు మూడు కనబడెను. మొదటిది, చాప నేలను పట్టుకొనకుండుట. దాని వలననే పిల్ల పడినది. రెండవది, మడతలు. చాపను మడిచి మడిచి అటకపై పెట్టుట చేత మడత పడిన చోట నల్లగీత చిట్లును. మా ఎడమ గుర్తు గతి ఇదియే. మూడవది, ఎక్కువగా త్రొక్కిన తావున నురుగు నలిగి పొంగుట మానును. అప్పుడు తూము మూతపడదు. కాలు తీసినను గుర్తు పలుకుచునే యుండును. మా చాపకు ఈ మూడవ జబ్బు ఇంకను రాలేదు. వచ్చినయెడల ఆ మందమే గల నురుగుముక్కను కత్తిరించి పాతదానికి బదులు పెట్టవలెను.

ఇక చికిత్స చెప్పెదను. ఇంట్లో ఇట్టి చాప గలవారు గుర్తుంచుకొనుడు.

మొదట విరిగిన గీత. దానికి టంకము వేయరాదు. వేడికి ప్లాస్టిక్ కరగిపోవును. భోజనపు పొట్లములు చుట్టు సన్నని అల్యూమినియపు రేకును పట్టీగా కత్తిరించి, చిట్లిన గీతకు రెండు ప్రక్కలను తాకునట్లు పరచి, పైన అంటుపట్టీ వేసితిమి. రేకు ప్రక్క గీతను తాకకుండ చూచుకొనవలెను. తాకినచో ఒక గుర్తు త్రొక్కగా రెండు పలుకును. ఎడమ గుర్తు అప్పటికి పలికెను కాని మెత్తగా త్రొక్కినప్పుడు ఇంకను మొండికెత్తుచుండెను. క్రింది పొరకును అడుగు గుడ్డకును నడుమ, ఆ గుర్తు క్రిందికి వచ్చునట్లు పలుచని అట్టముక్క నొకదానిని దూర్చితిమి. చేను కొంచెము ఎత్తయినందున తూమునకు దగ్గరయ్యెను. అంతటితో మెత్తని అడుగునకును పలికెను. విప్పిన కుట్టును మరల కుట్టక, మన దర్జీచేత అచట జిప్పు వేయించితిమి. మరల జబ్బు వచ్చినచో సులభముగ తెరవవచ్చును.

రెండవది పీఠము. 12 మిల్లీమీటర్ల మందము గల ప్లైవుడు పలకను చాపకంటె నాలుగువ్రేళ్ళు పెద్దదిగా కోయించి, అంచులు గరుకుకాగితముతో రుద్దితిమి. పలక అడుగున రబ్బరు పట్టీలు అంటించితిమి. అవి గచ్చును పట్టుకొని జరుగనీయవు. అడుగుల చప్పుడును కొంత మ్రింగును. చాపను ముడుతలు లేకుండ పలకపై పరచి, నాలుగంచులమీదను కొయ్య రీపులు మోపి మరలు బిగించితిమి. ఇచట ఒక హెచ్చరిక. మరలు చాప కుట్టునకు వెలుపలనే దిగవలెను. లోపల దిగినచో మర రెండు పొరలను శాశ్వతముగ కలిపివేయును. మూలనున్న పెట్టెకు రీపు తగులకుండ అచట సందు విడువవలెను.

మూడవది కాలికి గుర్తు. ఆడువారి చూపు తెరపై నుండును. పాదము తానెక్కడ నున్నదో తానే తెలిసికొనవలెను. కావున నడిమి గడిపై పలుచని రబ్బరు ముక్క నొకదానిని అంటించితిమి. కాలు నడిమికి వచ్చినప్పుడు ఆ ఎత్తు తగిలి, "నడుమ నున్నాను" అని తెలియును.

మేము చేసిన పొరపాటును కూడ దాచను. చాప అరగకుండుటకై, మొదట పైన ఒకే పెద్ద గట్టి ప్లాస్టిక్ పలకను కప్పితిమి. చూచుటకు అద్దమువలె నుండెను. కాని ఒక గుర్తు త్రొక్కగా పలక వంగి ప్రక్క గుర్తును కూడ పలికించెను. పైగా చెమట కాలికి జారెను. పిల్ల మరల పడెడిదే. ఆ సాయంకాలమే దానిని తీసివేసితిమి. కాపాడుటకు వేసిన కప్పే కీడు చేయుననుట నాకప్పుడు తెలిసినది. ఈ సామగ్రి చుట్టును మూరెడు దూరములో బల్లగాని, కుర్చీగాని, గోడమూలగాని ఉండరాదు. మేజోళ్ళతో ఎక్కరాదు, వట్టికాళ్ళే మేలు.

లెక్కలవాడను కనుక లెక్క చెప్పక విడువను. ప్లైవుడు 540, రబ్బరు 180, రీపులు మరలు 130, జిప్పు కుట్టుకూలి 70. వెరసి 920 రూపాయలు. చాప వెలతో కూడ 2,070. చాప వెలకు దాదాపు సమముగ చికిత్సకు ఖర్చయ్యెనని ఆక్షేపింపవచ్చును. నిజమే. చౌక వస్తువు కొన్ననాడు చౌక. పనికి వచ్చునట్లు చేసికొన్ననాడు దాని నిజమైన వెల తెలియును.

చేయి కట్టు విప్పిన పది దినములకు, వైద్యుని అనుమతి పొంది, పిల్ల మరల చాప యెక్కెను. వాళ్ళ అమ్మ గుమ్మమున నిలుచుండి చూచెను. మొదట తెర అన్నియు తప్పులే చూపెను. నా గుండె గుభేలుమనెను. చూడగా చాప తప్పు కాదు. ఈ మారు టెలివిజను తెరను తగిలించితిమి, అది బొమ్మను కొంచెము ఆలస్యముగ చూపుచున్నది. ఆ ఆలస్యమును ఆటలోనే సవరించు వీలు కలదు. సవరించిన పిమ్మట పిల్ల పాట ముగియువరకు ఆడెను. వాళ్ళ అమ్మ ఏమియు అనలేదు. లోనికి పోయి మజ్జిగ తెచ్చి యిచ్చెను.

తరువాత పిల్లయే ఒక కోరిక కోరెను. "తాతయ్యా, ఇందులో మన పాట ఎందుకు లేదు?" స్టెప్‌మేనియాలో మన యిష్టము వచ్చిన పాటకు మనమే అడుగులు కూర్చుకొనవచ్చును. మన వీధి అక్కచెల్లెండ్రు కోలాటమున పాడు పాటను ఫోనులో పట్టి అందులో పెట్టితిమి. నిమిషమునకు ఎన్ని తాళములో ఆటకు చెప్పవలెను. గడియారము పట్టుకొని లెక్కించితిని, 92 వచ్చెను. అడుగులు కూర్చితిమి. పల్లవి వరకు చక్కగా నడచి, రెండవ చరణమున అంతయు చెడెను. ఏలననగా మనవారు పాడుకొలది వేగము పెంచుదురు. కోలాటపు సొగసే అందున్నది. చరణము చరణమునకు మరల లెక్కించితిని: 92, 98, చివరకు 108. ఎక్కడ వేగము మారునో అక్కడ ఆటలోను మార్చితిమి. యంత్రము మన అక్కచెల్లెండ్ర వెంట పరుగెత్తెను. వారిని తన వెంట నడువుమనలేదు.

అడుగులు కూర్చునప్పుడు నా ఛందస్సు కొంత అక్కరకు వచ్చెను. ఇట్లు త్రొక్కి అట్లు విడుచు గుర్తు లఘువు. త్రొక్కి నిలుపవలసిన పొడవాటి గుర్తు గురువు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని పద్యమునకు చెప్పుకొను లెక్కయే పాదమునకును సరిపడినది. పద్యమునకును పాదములున్నవికదా!

ఇట్టి పని శాస్త్రమునకు దూరమని తలపకుడు. కాకతి గణపతిదేవుని కొలువున గజసాహిణిగా నుండిన జాయప సేనాని మన దివిసీమ నేలిన వంశమువాడు. 13వ శతాబ్దియందు ఆయన సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిలో అధ్యాయములు ఎనిమిది. మొదటి నాలుగు మార్గనృత్తమునకు, తక్కిన నాలుగు దేశినృత్తమునకు కేటాయించెను. ఊరూర ప్రజలు తమ అభిరుచికొలది ఆడుకొనునది దేశి. ఏనుగులసేన నేలినవాడు ఆ దేశికి గ్రంథములో సగము స్థలమిచ్చెను. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి కనుక సంస్కృతము రాని నావంటివారికిని అందినది. ఇక మొవ్వ చెంతనున్న కూచిపూడిలో తరంగమునకు ఇత్తడి పళ్ళెపు అంచున పాదములు నిలిపి నర్తింతురు. పళ్ళెము వంటింటి వస్తువు; దానిని వేదిక చేసినది పాదము. జపానునుండి వచ్చిన ఆటకు కోలాటపు పాట పెట్టుట, ప్లాస్టిక్ చాపకు పల్లెటూరి పీఠము వేయుట, ఇదియు దేశియే.

ఈ చాపను ఆదివారపు సాయంకాలములందు గ్రంథాలయపు వసారాలో పెట్టవలెనని కొందరు, గ్రంథాలయము పుస్తకములకే గాని గంతులకు కాదని కొందరు గత సమావేశమున వాదించిన సంగతి మీకు విదితమే. రెండవ పక్షమువారి భయము నిరాధారము కాదు. చదువుకొను చోట నిశ్శబ్దముండవలెను. అందుకే పఠనవేళ ముగిసిన తరువాత ఒక గంట అని నిర్ణయమైనది. ఇప్పటికి కొన్ని ఆదివారములు గడచినవి. ఆటకు వచ్చిన ఆడపిల్లలలో కొందరు పోవుచు పుస్తకము తీసికొని పోవుచున్నారు, కొందరు తీసికొనుటలేదు. రెండును ఉన్నవి ఉన్నట్లు చెప్పుచున్నాను. తీసికొనని పిల్లలు కూడ ఈ గుమ్మము త్రొక్కినవారేకదా!

1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచిన నాటనుండి ఈ ఉద్యమము మన జిల్లాలలో ప్రాకినది. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకములు పెట్టి కాలువగట్టు గ్రామములకు పంపిరి. బస్తాలు మోయు పడవకు బీరువాలెందుకని ఆనాడు అడిగినవారుండవచ్చును. ఉన్న పడవను, ఉన్న కాలువను తమ పనికి తగినట్లు మార్చుకొనిరి. మన పెద్దలు మనకిచ్చిన ఆస్తిలో ఆ బుద్ధి కూడ ఒకటి.

చివరకు ఒక్క మనవి. మన యిండ్లలో పిల్లలు లెక్క తప్పినప్పుడు, పద్యము తప్పినప్పుడు, అడుగు తప్పినప్పుడు, "నీకు రాదు" అను మాట మన నోట త్వరగా వచ్చును. ఆ మాట అనుటకు ముందు వారి కాళ్ళక్రింద మనము పరచిన చాప యెట్లున్నదో ఒక్కమారు నొక్కి చూడుడు. బాగుండనిచో విప్పుడు, విప్పుటకు భయమైనచో ఈ గ్రంథాలయమునకు వచ్చి ఒక పుస్తకము తీసికొని పొండు. నేనట్లు చేయక తొందరపడి అన్న ఒక్క మాట మా పిల్ల మణికట్టున మూడు వారములు కట్టుగా నిలిచినది. ఆ ఖర్చు నా పద్దుననే వ్రాసికొంటిని.